బొగ్గు మీద పీహెచ్‌డీ చేస్తే భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంది. యాక్టివేటెడ్ కార్బన్ (మలినాలను పట్టే, సన్న రంధ్రాలున్న బొగ్గు) ఉపరితలం మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. చేతిలో ఫార్మా ఉద్యోగం ఆఫర్ ఉంది. అది వదిలేసి బొగ్గు మీద ఐదేళ్లు గడిపితే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి, సంగారెడ్డి

జవాబు: చేరనివ్వండి. కాకపోతే ల్యాబ్ విషయంలో గట్టిగా ఆరా తీయాలి.

మంచి కార్బన్‌లో ఒక్క గ్రాముకే వెయ్యి చదరపు మీటర్ల దాకా ఉపరితలం ఉంటుంది. అంత చోటుంటే ఏదైనా పట్టేస్తుందనుకుంటాం. కానీ ఆ ఉపరితలం మీద ఏ రసాయన గ్రూపులున్నాయన్నదే అసలు సంగతి. కార్బన్‌ను నైట్రిక్ యాసిడ్‌లో కాచితే కార్బాక్సిల్ అనే ఆమ్ల గ్రూపులు పెరుగుతాయి. వైశాల్యం కొంత తగ్గినా సరే, నీళ్లలోని సీసం లోహాన్ని మునుపటికంటే బాగా పట్టుకుంటుంది. ఫినాల్ అనే సేంద్రియ కాలుష్యాన్ని మాత్రం తక్కువ తీసుకుంటుంది. ఆ గ్రూపుల చుట్టూ నీటి అణువులు చేరి అడ్డుపడటం అందుకు ఒక కారణం. అదే కార్బన్‌ను నైట్రోజన్‌లో 900 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ఆ గ్రూపులు చాలావరకు ఊడిపోయి ఫినాల్‌కు మళ్లీ చోటు దొరుకుతుంది. పీహెచ్ కూడా అంతే ముఖ్యం: ఒక హద్దుకు దిగువన ఉపరితలానికి ధనావేశం, ఎగువన రుణావేశం; ఏది అంటుకుంటుందో దాన్నిబట్టి మారుతుంది.

ఇది ఫార్మాకు దూరమైన చదువు కాదండీ. బల్క్ డ్రగ్ తయారీలో రంగు తీయడానికి ద్రావణంలో చార్‌కోల్ (ఈ కార్బనే) వేసి, వేడి చేసి, హైఫ్లో అనే వడపోత పొడి మీద వడకడతారు. రంగుతోపాటు మందును కూడా కార్బన్ పట్టేస్తే ఈల్డ్ (చివరికి చేతికొచ్చే మందు) పడిపోతుంది. ఏ గ్రేడు, ఎంత వేయాలో కారణంతో చెప్పగలిగే మనిషికి ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో విలువుంటుంది. వ్యర్థజలాల శుద్ధి, సూపర్ కెపాసిటర్లు (కరెంటు నిల్వ చేసే పరికరాలు) కూడా ఈ చదువుకు దగ్గరవే.

డబ్బు సంగతికొస్తే, 2023 నుంచి జేఆర్‌ఎఫ్ మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు.

నా భయమల్లా వేరే. ఏదో ఒక తొక్క కాల్చి, రంగునీళ్లలో వేసి, ఐసోథెర్మ్ (ఎంత పట్టిందో చూపే గ్రాఫ్) గీసి పేపర్ వేసే పని. అరటి తొక్క అయ్యాక నారింజ తొక్క. దానితోనే ఐదేళ్లు గడిపితే, ‘ఈ కార్బన్ ఎందుకు పట్టుకుంది?’ అని ఇంటర్వ్యూలో అడిగినప్పుడు నోరు పెగలదు. అందుకే గైడ్‌ను ముందే అడగమనండి: బోమ్ టైట్రేషన్ (ఉపరితలం మీది ఆమ్ల గ్రూపులను లెక్కించే పరీక్ష) చేస్తారా, ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీద ఏ మూలకాలున్నాయో చూపే ఎక్స్‌రే పరికరం) అందుబాటులో ఉందా, ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నీళ్లతో పరీక్షిస్తారా, వాడిన కార్బన్‌ను మళ్లీ పనికొచ్చేలా చేస్తారా. హైదరాబాద్ ఐఐసీటీ (కెమికల్ టెక్నాలజీ పరిశోధన సంస్థ), నాగ్‌పూర్ నీరీ (పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) కూడా చూడమనండి. అక్కడ పీహెచ్‌డీ ముగించిన సీనియర్లు ఇప్పుడు ఏం చేస్తున్నారో వాళ్లతోనే మాట్లాడి తెలుసుకోవాలి.

ల్యాబ్ ఖరారై చేతికి కాగితం వచ్చేదాకా ఆ ఫార్మా ఆఫర్‌ను వదులుకోవద్దు.