టెలీ డెర్మటాలజీ సర్టిఫికెట్‌కి 60 వేలు కట్టొచ్చా?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. చుట్టుపక్కల ఎవరికి మచ్చ వచ్చినా, దురద వచ్చినా ఫోన్‌తో ఫోటో తీసి, యాప్‌లో పెట్టి, ఇది ఫలానా జబ్బని చెబుతోంది. టెలీమెడిసిన్‌లోకే వెళ్తానంటోంది, అందులోనూ చర్మం వైద్యమే కావాలట. ఒక సంస్థవాళ్లు ఆరు నెలల ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కి 60 వేలు అడుగుతున్నారు. అది ఉంటే ఊళ్లోనే క్లినిక్ పెట్టుకోవచ్చంటున్నారు. నీట్ రాస్తుంది గానీ సీటు మీద నమ్మకం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: కట్టకండి. ఆ కాగితం పట్టుకుని క్లినిక్ తెరిస్తే కేసు అవుతుంది. 2020 మార్చి 25న వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోన్‌లోనైనా వీడియోలోనైనా రోగిని చూసి మందు రాయాల్సింది రిజిస్టరైన డాక్టరే. కృత్రిమ మేధతో నడిచే యాప్ డాక్టరుకి సాయపడొచ్చు, తనంతట తాను మందు రాయకూడదు. అమ్మాయి ఇప్పుడు చేస్తున్నది సరదాగానే ఉంటుంది. అయితే యాప్ చెప్పిన పేరు నమ్మి పక్కింటావిడ మందుల షాపుకి వెళ్లి ట్యూబు కొనుక్కుంటే ఆ తప్పు మన గుమ్మం దాకా వస్తుంది.

ఇక ఆశ ఎక్కడుందో చెబుతాను. టెలీమెడిసిన్‌లో స్క్రీన్‌కి అవతల డాక్టరు ఉంటే, ఇవతల రోగి పక్కన ఇంకొకరు ఉండాలి. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఊరి ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టరున్న హబ్‌కి కాల్ కలిపేది అక్కడున్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసరే. మన రాష్ట్రంలో ఇది 2019 నవంబరులోనే మొదలైంది. చర్మం విషయంలో ఇవతలి మనిషి పనితనం మీదే సగం వైద్యం ఆధారపడుతుంది, ఎందుకంటే డాక్టరు చూసేది ఆ ఫోటోనే.

ఆ ఫోటో ఎలా తీయాలో అమ్మాయికి ఇప్పటి నుంచే తెలియనివ్వండి. మన దగ్గర ఒంటికి కొబ్బరినూనె, పుండు మీద పసుపు తప్పనిసరి. నూనె మెరుపుకి మచ్చ అంచు కనపడదు, పసుపు రంగునే మార్చేస్తుంది. ముందు తడిగుడ్డతో మెల్లగా తుడిచి ఆరనివ్వాలి. ఫోన్ లెన్సుకీ వేలి జిడ్డు ఉంటుంది, దాన్నీ తుడవాలి. ఫ్లాష్ వద్దు, బ్యూటీ ఫిల్టర్ అసలే వద్దు. కిటికీ వెలుగులో, వెనక సాదా గుడ్డ వేసి మూడు ఫోటోలు: మచ్చ ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరం నుంచి ఒకటి, మధ్యస్థంగా ఒకటి, పక్కన స్కేలు పెట్టి దగ్గరగా ఒకటి. మరీ దగ్గరికి పోతే ఫోకస్ నిలవదు. జానెడు దూరం వెనక్కి జరిగి రెండు రెట్లు జూమ్ చేస్తే నిలుస్తుంది. ఉబ్బెత్తుగా ఉంటే పక్క నుంచి నాలుగోది కూడా తీయాలి. మన ఒంటి రంగు మీద ఎర్రదనం ఎర్రగా కనిపించదు, నలుపుగానో ఊదాగానో కనిపిస్తుంది. అందుకే అవతలి చేతిదో కాలిదో మామూలు చర్మాన్ని కూడా పక్కనే చూపించాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. పని అయ్యాక గ్యాలరీలోంచి తీసేయాలి. ఫోన్ దానంతటదే క్లౌడ్‌లోకి ఎక్కించేస్తే ఎవరి తొడ మీది తామరో ఇంట్లో వాళ్లందరికీ కనిపిస్తుంది. రోగి ఒప్పుకోకుండా ఫోటో తీయకూడదు. పిల్లలైతే తల్లో తండ్రో పక్కన ఉండాలి.

ఫోటో చెప్పనివి అడిగి తెలుసుకోవాలి. ఎన్నాళ్లయింది? రాత్రి దురద ఎక్కువా? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఉంటే గజ్జి కావచ్చు. దానికి దురద ఉన్నచోటే మందు రాస్తే తగ్గదు, మెడ నుంచి కాళ్ల దాకా రాయాలి, ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పటిదాకా ఏం రాశారు? పేరు అడిగితే ‘తెల్ల ట్యూబు’ అంటారు, అందుకే ఆ ట్యూబే తెప్పించి చూడాలి. స్టెరాయిడ్ కలిసిన క్రీములు తామర మీద రాస్తే దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోతుంది, లోపల ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. ఆ ఫోటో చూసి మంచి డాక్టరు కూడా పొరబడతాడు. ఇక స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ. కుష్టు అనుమానం ఉంటే రోగి కళ్లు మూయించి దూది కొసతో తాకి చూడాలి. ఆ పని కెమెరా చేయలేదు. కొత్త మందు వేసుకున్నాక జ్వరం, నోట్లో పుండ్లు, ఒళ్లంతా బొబ్బలు వస్తే ఫోటోల కోసం ఆగకూడదు, వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి.

ఈ పనికి సరైన అర్హత బీఎస్సీ నర్సింగ్, నాలుగేళ్లు. ఆపైన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ పోస్టుకి ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ శిక్షణ కూడా కావాలి. అది డిగ్రీలోనే కలిసి ఉందా అని చేరే ముందే కాలేజీని అడగండి. కాలేజీకి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కూడా చూసుకోండి, బస్సు సౌకర్యం బాగుందని చేర్చేయకండి. ఈ పోస్టులు కాంట్రాక్టు పద్ధతిలో తీసుకుంటారు, ఆ సంగతి మనసులో పెట్టుకోండి.

చర్మ వైద్యురాలే కావాలంటే ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, తర్వాత నీట్ పీజీ రాసి ఎండీ డీవీఎల్ (చర్మం, సుఖవ్యాధులు, కుష్టు వైద్యంలో పీజీ) మూడేళ్లు. పీజీలో చర్మం సీటుకి పోటీ చాలా ఎక్కువ. నీట్ మాత్రం రాయనివ్వండి. కాకినాడ రంగరాయతో పాటు 2023 నుంచి రాజమహేంద్రవరంలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. యాప్‌లు తయారుచేసే వైపు వెళ్లాలంటే బైపీసీతో బీటెక్ కంప్యూటర్స్ కుదరదు, ఆ దారి చుట్టూ తిరిగి వస్తుంది. ఇప్పుడు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

డబ్బు కట్టే ముందు ఒక పని చేయండి. పరీక్షలయ్యాక మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో సిస్టర్ గారి అనుమతి తీసుకుని రెండు మూడు రోజులు కూర్చోబెట్టండి. మన గోదావరి జిల్లాల్లో బోదకాలు రోగులు ఉన్నారు కదా. సబ్బునీళ్లతో ఆ కాలు కడగడం, మడతల్లో, వేళ్ల సందుల్లో తడి లేకుండా అద్దడం, నాని తెల్లబడిన సందుల్లో పగుళ్లు ఉన్నాయేమో వెతకడం దగ్గరుండి చూడమనండి. మడతల్లో వాసన వస్తుంది, రోగి సిగ్గుతో కాలు వెనక్కి లాక్కుంటారు. అక్కడ మొహం తిప్పుకోకుండా నిలబడగలిగితే నర్సింగ్‌కి దరఖాస్తు పెట్టించండి.