కౌలు కార్డు సంగతి ముందే చూసుకో

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

ఆనందపురం దగ్గర ఎకరన్నర కౌలుకి తీసుకున్నావని అమ్మ చెప్పింది. బంతి, వంగ వేస్తావట. సాగు నీకు నేను నేర్పక్కర్లేదు. కాగితాల మాటే రాస్తున్నాను, శ్రద్ధగా చదువు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ పడింది. గుళ్ళు మూశారు, పెళ్ళిళ్ళు ఆగిపోయాయి. కోత కూలి కూడా గిట్టక బంతిపూలు చెట్టునే ఎండిపోయాయి. ఆ కష్టంలో వచ్చిన సర్కారు డబ్బు చాలావరకు పాత పథకాలదే. ఏప్రిల్లో కేంద్రం పీఎం కిసాన్ కిస్తు 2,000 ముందుగా వేసింది. మే 15న రాష్ట్రం తన సాయం, రైతు భరోసా వేసింది. రెండూ అప్పటికే ఉన్న జాబితాల ప్రకారమే పడ్డాయి. జాబితాలో పేరున్నవాళ్ళకి ఇంట్లో కూర్చుంటే వచ్చాయి. లేనివాళ్ళు తిరుగుదామంటే బస్సు లేదు, ఆఫీసులో మనిషి లేడు. అందుకే ఇప్పుడు, అంతా సవ్యంగా ఉన్నప్పుడే, పేరు ఎక్కించుకో.

పీఎం కిసాన్ భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలుదారుకి రాష్ట్రం సాయమే దిక్కు, దానికి కౌలు కార్డు, అంటే ఫలానా భూమి నువ్వు కౌలుకి చేస్తున్నావని సర్కారు ఇచ్చే పత్రం కావాలి, కార్డుకి ఆసామి, అంటే భూమి యజమాని సంతకం కావాలి. అక్కడే పని ఆగిపోతుంది. మీ ఆసామి సీతమ్మధారలో ఉంటారట కదా, ఫోన్లో అడగకు. ఫోన్లో అయితే ‘చూద్దాం’ అంటారు, అంతే. ఫారం నింపి పట్టుకెళ్ళి ఎదురుగా కూర్చో. కార్డు 11 నెలలకే చెల్లుతుందనీ, నీ హక్కు పంట మీదే గాని భూమి మీద కాదనీ, ఆయన పీఎం కిసాన్ ఎక్కడికీ పోదనీ నిదానంగా చెప్పు. వాళ్ళకుండే భయం భూమి గురించే. అది తప్పు కూడా కాదు, కోపగించుకోకు. వీలైతే వీఆర్వో గారితో ఒక మాట చెప్పించు.

తర్వాత బ్యాంకు. మా వీధిలో ఒకావిడ డబ్బు పడలేదని నెలల తరబడి ఒకే పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంది. తీరా చూస్తే, గ్యాస్ కోసం తెరిచి మర్చిపోయిన ఖాతాలో పడి ఉంది. ఆధార్ చివరగా ఏ ఖాతాకి కలిపితే డబ్బు అక్కడికే పోతుంది. నీది ఏదో బ్యాంకులో అడిగి రాసుకో. అమ్మది కూడా చూడు. మట్టిపనితో ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి, మిషన్ పట్టదు. ఫోన్ ఓటీపీతో గాని, ముఖం చూపించి గాని ఈకేవైసీ, అంటే మనిషి ఆమేనని ఆధార్‌తో సరిచూడడం, అయిపోతుంది.

పంట వేశాక ఈ-క్రాప్, అంటే ఏ చేలో ఎవరు ఏం వేశారో సర్కారు రాసుకునే నమోదు, మానకు. ఫొటో తీయడానికి వచ్చినప్పుడు నువ్వు చేలోనే ఉండు. సాగుదారుగా నీ పేరే రాయించు, ఆసామి పేరు కాదు. బంతి, వంగ విడివిడిగా ఎక్కించారో లేదో కూడా చూసుకో. రేపు వాయుగుండం వచ్చి చేను మునిగితే నష్టపరిహారానికి ముందు చూసేది అదే.

రాష్ట్రం సాయం అంటే, 2025 ఆగస్టు నుంచి అన్నదాత సుఖీభవ నడుస్తోంది. భూమి ఉన్నవాళ్ళకి పీఎం కిసాన్ 6,000తో కలిపి ఏడాదికి 20,000. నీ పేరు ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడుగు. లేదంటే అర్జీ పెట్టి రసీదు తీసుకో, దళారి చేతిలో మాత్రం పైసా పెట్టకు.

ఆసామి ఆదివారం ఇంట్లో ఉంటారేమో కనుక్కుని ఫోన్ చెయ్యి. మద్దిలపాలెంలో కలుసుకుని ఇద్దరం వెళ్దాం.

మీ మావయ్య