పాప ఖర్చుకు ఒకేసారి పాతిక లక్షలా, నెలనెలా భరణమా?

ప్రశ్న: మేం పరస్పర అంగీకారంతో విడాకులకు దరఖాస్తు చేయబోతున్నాం. ఆరేళ్ల పాప నా దగ్గరే ఉంటుంది. పాప కోసం ఒకేసారి రూ.25 లక్షలు ఇస్తానని, లేదంటే 18 ఏళ్లు నిండేదాకా నెలకు రూ.20,000 ఇస్తానని ఆయన అంటున్నారు. ఉద్యోగం ఉన్నా నిరుడు కొన్ని నెలలు డబ్బు పంపలేదు. ఒకేసారి తీసుకుని తెగతెంపులు చేసుకోమని అన్నయ్య సలహా. ఏది మేలు?

జవాబు: మీ అన్నయ్య భయంలో న్యాయముంది. ఇప్పటికే నెలలు ఎగ్గొట్టిన మనిషిని పన్నెండేళ్లు నమ్ముకోవడం తేలిక కాదు. అయినా తొందరపడకుండా ముందు ఈ లెక్క చూడండి.

డిపాజిట్‌పై 7 శాతం వడ్డీ వస్తుందనుకుందాం. నెలకు 20,000 చొప్పున పన్నెండేళ్లు వచ్చే డబ్బు నేటి విలువలో, అంటే నెలనెలా అంత రాబట్టుకోవడానికి ఇవాళ డిపాజిట్ చేయాల్సిన మొత్తంగా చూస్తే, సుమారు 20 లక్షలే. అలా చూస్తే పాతిక లక్షలే నయం. అదే ‘ఏటా 8 శాతం పెంచాలి’ అని ఒక్క వాక్యం రాయిస్తే, ఆ విలువ దాదాపు 30 లక్షలవుతుంది. పాప ఇంటర్ రెండో ఏడాదికి వచ్చేసరికి నెలకు అందేది 46 వేలు దాటుతుంది. పెంపు లేకపోతే? ధరలు ఏటా 6 శాతం పెరిగినా, అప్పటి 20,000తో మీరు కొనగలిగేది ఇవాళ పదివేలకు వచ్చేంతే. బేరం ఆడాల్సింది ఈ పెంపు దగ్గరే.

ఇక ఎగ్గొడతారన్న భయానికి నా సలహా ఇది. రూ.8 లక్షలు పాప పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమనండి, కోర్టు అనుమతి లేనిదే తీయకూడదన్న షరతుతో. దానితోపాటు నెలకు 15,000, ఏటా 8 శాతం పెంపు. మొత్తం విలువ దాదాపు అదే 30 లక్షలు. ఆయన జీతం మీద కూడా ఒక్కసారిగా భారం పడదు కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

ఈ షరతులన్నీ కోర్టు డిక్రీలోకి, అంటే విడాకుల తీర్పు ఉత్తర్వులోకి ఎక్కాలి. ఇద్దరూ సంతకాలు పెట్టుకున్న కాగితం ఒక్కటే ఉంటే, డబ్బు ఆగిన రోజున మళ్లీ మొదటినుంచి కేసు నడపాలి. డిక్రీలో ఉంటే నేరుగా అమలు కోరుతూ పిటిషన్ వేయొచ్చు. ఆయన ఆదాయంపై అనుమానముంటే ఆస్తులు, అప్పుల వివరాలు అఫిడవిట్‌గా అడగండి. భరణం కేసుల్లో ఇద్దరూ అది దాఖలు చేయాలని 2020లో రజనీష్–నేహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

‘ఇకపై పాప తరఫున ఏమీ అడగను’ అన్న వాక్యం కనిపిస్తే మాత్రం దయచేసి సంతకం పెట్టకండి. మీ భరణం మీరు వదులుకోవచ్చు. పాప హక్కు పాపది, దాన్ని వదులుకునే అధికారం మీకు లేదు. పైగా 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టం ప్రకారం, సొంతంగా బతకలేని పెళ్లికాని కూతురిని పోషించే బాధ్యత 18 ఏళ్లతో తీరిపోదు. డిగ్రీ ఫీజుల మాట ఇప్పుడే రాయించండి.

చాలామంది మరిచేది ఇంకొకటుంది: ఆయనకేమైనా అయితే నెలవారీ డబ్బు ఆగిపోతుంది. అందుకే ఆయన పేరిట కనీసం 50 లక్షల టర్మ్ పాలసీ (గడువులోగా ఆయన చనిపోతే డబ్బు వచ్చే జీవిత బీమా), 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద, లబ్ధిదారు పాపగా తీసుకోమనండి. ఆ డబ్బును అప్పులవాళ్లు ముట్టుకోలేరు, ఆయనా తర్వాత ఇంకొకరి పేరిట మార్చలేరు. చట్టంలో ఉన్నది ‘వివాహితుడు’ అన్న మాట కాబట్టి, విడాకులు మంజూరయ్యేలోపే పని పూర్తికావాలి. ప్రీమియం కట్టిన రసీదు ఏటా మీకు పంపాలని కూడా రాయించండి.

సుకన్య సమృద్ధి ఖాతా ఆయన ఇప్పటికే తెరిచి ఉంటే మీరు రెండోది తెరవలేరు, ఒక ఆడపిల్లకు ఒకటే. దాని నంబరు, ఏటా ఎవరు ఎంత కట్టాలన్నది ఒప్పందంలో చేర్చండి.

పన్ను సంగతి: విడాకుల తర్వాత పాప డిపాజిట్ వడ్డీ, పాపను పోషిస్తున్నవారి ఆదాయంలో కలుస్తుంది, అంటే మీ రిటర్నులో. 8 లక్షల డిపాజిట్‌పై ఆ భారం తక్కువే, పాతిక లక్షలు తీసుకుంటే మాత్రం గట్టిగానే తగులుతుంది.