పాత కారవాన్ ట్రైలర్: సిలికాన్ పూసినా కిటికీ కింద తడి

మీ కారవాన్ ట్రైలర్‌కి (కారు వెనక లాగే ఇల్లులాంటి బండి) రెండుసార్లు సిలికాన్, అంటే సందులు మూసే జిగురు ముద్ద, పూసినా కిటికీ కింద ప్లైవుడ్ తడుస్తోందన్నారు. నీళ్లు బహుశా కిటికీలోంచి రావడం లేదండి. పైకప్పు రేకు, పక్క రేకు కలిసే అతుకులోంచి దిగి, లోపలి చెక్క ఫ్రేమ్ వెంట జారి అక్కడ బయటపడుతుంటాయి.

1. పైపుతో నీళ్లు పట్టి చూడండి. కింద మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లాలి, లోపల ఒకరు టార్చితో చూడాలి. పైనుంచి పడితే అన్ని అతుకులూ తడిసి, ఏది కారుతోందో తెలీదు.

2. అతుకు మీది పట్టీ ఊడదీసి పాత సిలికాన్ పూర్తిగా గీకెయ్యండి. అందరూ వదిలేసేది ఇదే. పాత సిలికాన్ మీద కొత్తది సరిగా అంటుకోదు, కంటికి కనపడని జిడ్డు పొర మిగిలినా చాలు. ప్లాస్టిక్ బ్లేడుతో గీకండి, ఇనుపది రేకును గీరేస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో (జిడ్డు తీసే స్పిరిట్) తుడవండి, గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా.

3. బ్యూటైల్ టేపు (నీరు చొరని మెత్తటి జిగురు టేపు) వేసి పట్టీ బిగించండి. మీది సముద్రం ఒడ్డునున్న కళింగపట్నం కదా, ఉప్పుగాలికి మామూలు ఇనుప స్క్రూల చుట్టూ అల్యూమినియం రేకు తినుకుపోతుంది. స్టెయిన్‌లెస్‌వే వాడండి, వాటికీ సీలెంట్ అద్దండి.

4. స్క్రూడ్రైవర్ దిగిపోయేంత మెత్తబడిన ప్లైవుడ్ కోసేసి మెరైన్ ప్లై (తడిని తట్టుకునే ప్లైవుడ్) వేయండి. ఫ్రేమ్ బాగా ఆరాకే మూయాలి. అక్టోబరు తుపాన్లలోపు అయిపోవాలి.