తాళాలు తీసుకున్నారు, ఇంట్లో దిగలేదు

ప్రశ్న: ఎంవీపీ కాలనీలో మా ఫ్లాటును 11 నెలల అగ్రిమెంటు మీద నెలకు రూ.18,000కు ఇచ్చాం. రెండు నెలల అడ్వాన్సు, మొదటి నెల అద్దె కట్టి తాళాలు తీసుకెళ్లారు. ఇంతవరకు పాలు పొంగించలేదు, ఒక్క చెంబు కూడా తేలేదు. రెండో నెల అద్దె రాలేదు. ఫోన్ ఎత్తరు. తాళం పగలగొట్టి వేరేవాళ్లకు ఇచ్చేయవచ్చా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పగలగొట్టకండి. తాళాలు చేతికిచ్చిన రోజే ఇల్లు అద్దెదారు స్వాధీనంలోకి వెళ్లింది. రేపు 'నా బంగారం పోయింది' అంటే, లోపల ఏమీ లేదని రుజువు చేసుకోవాల్సిన తిప్పలు మీవి. పైగా ఇల్లు మూసి ఉంచడం తప్పేమీ కాదు, అగ్రిమెంటులో వేరే మాట ఉంటే తప్ప. తప్పల్లా అద్దె కట్టకపోవడమే. మీరు పంపే నోటీసులో దాని గురించే రాయండి.

ముందు అగ్రిమెంటు తీసి రెండు సంగతులు చూడండి: నోటీసు గడువు ఎంత, అద్దె బాకీ పడితే మీరు రద్దు చేసుకోవచ్చన్న షరతు ఉందా. ఆ షరతు లేకపోతే నోటీసు వకీలు చేతే రాయించాలి. గడువు తీరకముందే రద్దు చేసే అద్దె ఒప్పందాల గొడవ ఇక్కడే చిక్కుపడుతుంది. బాకీ ఎంతో, ఏ తేదీలోపు కట్టాలో, కట్టలేకపోతే తాళాలు ఎప్పటికి అప్పగించాలో స్పష్టంగా ఉండాలి. ఆధార్ కాపీలో ఉన్న సొంతూరి చిరునామాకు ఒకటి, ఫ్లాటు చిరునామాకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచండి. వాట్సాప్‌లోనూ పెట్టండి. మనిషి దొరక్కపోతే మరో ప్రతి ఫ్లాటు తలుపుకు అంటించి ఫొటో తీసుకోండి. ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ఈ పద్ధతిని ఒప్పుకుంటుంది.

చాలామంది ఇలాంటప్పుడు ఉద్యోగ బదిలీ ఆగిపోయి, అడ్వాన్సు పోతుందన్న భయంతో మొహం చాటేస్తారు. 'తాళాలు ఇస్తే లెక్క తేల్చుకుందాం' అన్న ఒక్క మెసేజ్‌కు పలుకుతారు. వస్తే, ఫలానా తేదీన ఖాళీ ఇల్లు, ఇన్ని తాళాలు అప్పగించానని రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించండి. కరెంటు మీటరు రీడింగు అందులోనే వేయండి.

మిగిలిన తొమ్మిది నెలల అద్దె మొత్తం వసూలు చేద్దామనుకోకండి. నష్టం తగ్గించుకునే ప్రయత్నం మీరూ చేయాలని కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ వివరణ. కొత్తవారు దొరికేదాకా, బాకీ నెలతో కలిపి నెలన్నర అద్దె నష్టపోతే రూ.27,000; అడ్వాన్సు రూ.36,000లో మిగిలిన రూ.9,000 బ్యాంకు ద్వారా వెనక్కి పంపండి. చేతికి మాత్రం ఇవ్వకండి.

ఎంతకీ పలకకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీకి దరఖాస్తు పెట్టవచ్చు, హెల్ప్‌లైన్ 15100. అక్కడికీ రాకపోతే కోర్టే.

ఆలస్యం మాత్రం చేయకండి. ఉప్పుగాలికి మూసిన ఇంట్లో గ్రిల్సు తుప్పు పడతాయి, గోడలు బూజు పడతాయి. అక్టోబరు, నవంబరు తుపానుల్లో కిటికీలోంచి నీరు దిగితే కింది ఫ్లాటువాళ్లు వచ్చేది మీ దగ్గరికే.