పెద్దమ్మ వేసిన ఏడు పందేలు

ఆన్‌లైన్ మల్టీప్లేయర్ గేమ్ క్లయింట్‌కి, అంటే ఆటగాడి ఫోన్లో నడిచే భాగానికి, సర్వర్‌తో మాట్లాడించే లైబ్రరీలైన సాకెట్.ఐఓ, కొలీసియస్, మిర్రర్‌లలో ఏది మంచిదని అడిగారు. తుపాకులు పేల్చుకునే ఆటైతే మొదటి రెండింటి జోలికి పోకండి. అవి వెబ్‌సాకెట్ మీద నడుస్తాయి, దాని కింద డేటాని వరస తప్పకుండా చేర్చే టీసీపీ. దారిలో ఒక ప్యాకెట్, అంటే డేటా ముక్క, పోతే అది మళ్లీ వచ్చేదాకా వెనకున్నవన్నీ ఆగాల్సిందే. యూనిటీ అనే గేమ్ ఇంజన్‌లో చేస్తుంటే మిర్రర్ తీసుకోండి. అందులో మామూలుగా డేటా మోసే కేసీపీ, టీసీపీలా వరస కోసం ఆగని యూడీపీ మీద నడుస్తుంది. వంతులవారీ ఆటైతే మాత్రం ఏదైనా ఒకటే, నన్నడిగితే ఈ పోలికలన్నీ టైమ్ వేస్టు.

నేను సాకెట్.ఐఓతో అష్టాచెమ్మా చేశాను. కనెక్షన్ పోయి వస్తే సాకెట్ ఐడీ, అంటే ఆ కనెక్షన్ గుర్తింపు, మారిపోతుందని ముందే చదివి, ప్రతి ఆటగాడికీ విడిగా ఒక కోడ్ ఇచ్చాను. అంత జాగ్రత్తపరుణ్ణని గర్వం కూడా.

సంక్రాంతికి తణుకులో అందరం చేరాక ఫోన్లలో తెరిచాం. ఆట మధ్యలో పెద్దమ్మ అరిసెల పాకం చూడ్డానికి పెరట్లోకి వెళ్లింది. వైఫై అక్కడిదాకా రాదు, ఆవిడ ఫోన్లో డేటా ఆఫ్. "ఒరేయ్, గవ్వలు పడట్లేదేంట్రా?" అంటూ పొయ్యి దగ్గర నిలబడి బటన్ నొక్కుతూనే ఉంది. హాల్లోకి అడుగు పెట్టగానే నెట్ వచ్చింది. అందరి ఫోన్లలోనూ గవ్వలు గలగలమని ఏడుసార్లు పడ్డాయి. రెండు అష్టాలు, ఒక చెమ్మా. మా బావ కాయలు రెండు చచ్చాయి. "అత్తా, ఇదేం ఆట!" అని వాడు ఫోన్ సోఫా మీద పడేశాడు.

తప్పు నాదే. కనెక్షన్ లేనప్పుడు ఎమిట్ చేసినవాటిని, అంటే పంపమన్నవాటిని, సాకెట్.ఐఓ క్లయింట్ దాచిపెట్టుకుని, తిరిగి కలవగానే వరసగా పంపేస్తుంది. డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగా రాసే ఉంది. పంపేముందు కనెక్షన్ ఉందో లేదో చూసుకోవాలి, లేదా వోలటైల్‌గా, అంటే కనెక్షన్ లేకపోతే దాచకుండా వదిలేసేలా, పంపాలి. అంతకన్నా ముఖ్యం, వంతు ఎవరిదో సర్వర్ చూడాలి. నేను బటన్‌ని నమ్ముకున్నాను. సర్వర్ నుంచి జవాబు రాలేదు కాబట్టి పెద్దమ్మ ఫోన్లో వంతు ఇంకా ఆవిడదే, బటన్ వెలుగుతూనే ఉంది. కొలీసియస్ తీసుకున్నా ఈ బాధ తప్పదు. పడిపోయినవాళ్లని తిరిగి చేర్చుకోవడానికి అందులో అలో రీకనెక్షన్ అనే ఫంక్షన్ ఉంది కానీ, దాన్ని కోడ్‌లో పిలవాల్సింది మనమే.

ఇక ఆ యూట్యూబ్ పాఠాలు! ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు ట్యాబులు పక్కపక్కన పెట్టి, "చూశారుగా, మల్టీప్లేయర్ అయిపోయింది" అంటారు. ఆ రెండు ట్యాబుల మధ్య పెరడు ఎక్కడుంది? నేనిప్పుడు ఏది రాసినా ముందు ఆట మధ్యలో ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, పది నొక్కులు నొక్కి తీస్తాను.

ఆ రోజు ఆట మళ్లీ మొదట్నుంచీ ఆడదామంటే పెద్దమ్మ ఒప్పుకోలేదు. పడ్డ పందెం పడ్డట్టేనట.