యుషిమా తెంజిన్ చామంతులు: మాక్రో లెన్స్ కొనాల్సిన పని లేదు

మీరు అడిగింది: నవంబర్‌లో టోక్యో వస్తున్నారు, అక్కడి గుళ్ళలో పెట్టే చామంతుల ప్రదర్శన ఫొటోలు తీయాలనుంది, దానికోసం మాక్రో లెన్స్ (చిన్న వస్తువుల్ని బాగా దగ్గర్నుంచి తీసేది) కొనాలా, ఫోన్ సరిపోతుందా అని.

కొనకండి. నేను టోక్యోలో ఉంటున్నాను, ఏటా యుషిమా తెంజిన్ గుడికి వెళ్తాను (చియోదా లైన్‌లో యుషిమా స్టేషన్ దిగితే కొద్ది నిమిషాల నడక, ప్రదర్శన సుమారుగా నవంబర్ 1 నుంచి 23 దాకా ఉంటుంది). పువ్వుకి మరీ దగ్గరికి పోయి తీసిన ఫొటో ఇంటికొచ్చి చూసుకుంటే కడియం నర్సరీలో తీసిందని చెప్పినా నమ్మేస్తారు. అక్కడ చూడాల్సింది ఆ మొక్కని పెంచిన తీరు. అందుకే రెండడుగులు వెనక్కి వేసి, 70-200 ఎంఎం లాంటి జూమ్ లెన్స్‌తో, ఫోనైతే రెండు మూడు రెట్ల జూమ్‌తో, కుండీ మొత్తం కనపడేలా తీయండి.

ఉదాహరణకి ఒక్క మొక్కకి మూడే కొమ్మలు ఉంచి, కొమ్మకి ఒక్క మొగ్గే వదిలి, మిగతావన్నీ గిల్లేసి పెంచే పద్ధతి ఉంది, సన్‌బొన్ జితాతె అంటారు. వెనక పువ్వు ఎత్తుగా, ముందు రెండూ కాస్త కిందగా ఉంటాయి, వాటికి ఆకాశం, భూమి, మనిషి అని పేర్లు. నిలబడి పైనుంచి తీస్తే ఆ అమరిక అంతా పోతుంది, కిందికి వంగి కెమెరాని పువ్వుల ఎత్తుకి తెచ్చుకోవాలి. అప్పుడు పువ్వు అడుగున ఒక తీగ చుట్టు కనపడుతుంది, బరువుకి కింది రేకలు వాలిపోకుండా పెట్టేది. చాలామంది ఎడిటింగ్‌లో దాన్ని చెరిపేస్తారు, దయచేసి ఆ పని చేయకండి, నెలల తరబడి ఆ మొక్కని సాకిన మనిషి చెయ్యి కనపడేది అక్కడే. ఒకే వరస వెడల్పు రేకలుండే ఇచిమొంజి రకానికైతే కింద గుండ్రటి కాగితం పెడతారు, ఆ పువ్వుని చూస్తే జపాన్ పాస్‌పోర్ట్ అట్ట మీదుండే 16 రేకల చామంతి గుర్తుకొస్తుంది. ఒకే మొక్కకి వందల పూలు గోపురంలా పూయించినది కనిపిస్తే ఎదురుగా ఒకటి తీసి ఊరుకోకుండా, పక్కకి వెళ్ళి అడుగున ఉన్న ఆ ఒక్క కాండం కూడా వచ్చేలా ఇంకోటి తీయండి, అది లేకపోతే చూసేవాళ్ళు చాలా కుండీలు పేర్చారనుకుంటారు.

నాకు అన్నిటికన్నా ఇష్టం ఎదొ-గికు అనే చామంతి రకం. ఇది ముందు మామూలుగానే విచ్చుకుని, తర్వాత రోజులు గడిచేకొద్దీ రేకలు పైకి లేచి మెలితిరిగి లోపలికి ముడుచుకుంటాయి, రేక వెనకవైపు రంగు బయటపడుతుంది. టోక్యోలో వారం పైన ఉంటే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అదే కుండీని తీయండి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెడితే వేరే పువ్వేమో అనిపిస్తుంది. ఒక్కసారే కుదిరితే మాత్రం నవంబర్ రెండో వారం చూసుకోండి, ప్రదర్శన చివరికి బయటి రేకలు గోధుమరంగుకి తిరిగిపోతాయి.

ఇక వెలుతురు, అసలు టెన్షన్ ఇక్కడే. కుండీలన్నీ పందిళ్ళ కింద ఉంటాయి, లోపల నీడ, బయట ఎండ. వెనకంతా చీకటిగా ఉంటే కెమెరా మొత్తం ఫొటోని వెలిగించేసి తెల్ల పువ్వులో రేకలే కనపడకుండా చేస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ దాకా (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి, ఫోనైతే పువ్వు మీద నొక్కి వెలుతురు కిందికి జరపండి. పసుపు పువ్వుల్లో రెడ్ చానెల్ (ఫొటోలోని ఎరుపు భాగం) ముందే నిండిపోతుంది, మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎంతుందో చూపే గ్రాఫ్) బాగానే చూపిస్తుంది గానీ ఆ ఛాయలు మళ్ళీ రావు, రంగులవారీ హిస్టోగ్రామ్ పెట్టుకోండి. మబ్బు పట్టిన రోజు దొరికితే వదలొద్దు. కెమెరాలో అపర్చర్ ఎఫ్/8, షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ 1600 దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం వద్దు, సేమ్యాలా సన్నటి గొట్టం రేకలుండే రకాల్లో ఆ కొసల్ని నేపథ్యం అనుకుని మసకబార్చేస్తుంది.

ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి, దారులు ఇరుకు, జనం ఎక్కువ. బ్యాక్‌ప్యాక్ ముందుకి తగిలించుకోండి, వెనక్కి తిరిగేటప్పుడు రేకకి తగిలితే అది కమిలిపోతుంది, అవి బహుమతి కోసం పెట్టిన మొక్కలు. నవంబర్ 15 చుట్టుపక్కల షిచిగోసాన్ అనే పిల్లల పండగ కాబట్టి మూడు, ఐదు, ఏడేళ్ళ పిల్లలు కిమోనోల్లో వస్తారు, ముచ్చటగా ఉంటారు, కానీ వాళ్ళ అమ్మానాన్నల్ని అడక్కుండా తీయొద్దు. "షషిన్ తొత్తెమో ఈ దెస్ కా" (ఫొటో తీయొచ్చా) అంటే చాలు.

ఒక రోజు ఖాళీ ఉంటే ఇబరాకిలోని కసామా ఇనారి గుడికి వెళ్ళండి, అక్కడ చామంతుల పండగ 1908 నుంచీ జరుగుతోంది, అక్టోబర్‌లోనే మొదలవుతుంది. టోక్యో నుంచి జోబాన్ లైన్‌లో టొమోబె దాకా వెళ్ళి, అక్కడ మితో లైన్‌కి మారాలి. మీ దగ్గర ఏ ఫోన్, ఏ కెమెరా ఉన్నాయో రాస్తే సెట్టింగ్స్ ఇంకా వివరంగా చెప్తాను.